పటేల్ షాట్ నుంచి దిగి

మా సిద్దిపేట వైపు ఎవరూ 'ఫోటో తీయించుకున్నాను' అనరు. 'ఫోటో దిగిన' అంటారు. పెళ్ళిలో దిగిన ఫోటో, జాతరలో దిగిన ఫోటో, పిల్లలతో దిగిన ఫోటో. కెమెరా పట్టుకున్నవాడు చేసే పని 'దించుడు'. చాలాకాలం దీన్ని మాండలికపు ముచ్చట అనుకుని ఊరుకున్నాను. ఎస్సెల్లార్ కెమెరాతో తిరిగేవాళ్ళ మధ్య కొన్నేళ్ళు గడిపాక గానీ ఆ మాటలో ఉన్న తేడా తట్టలేదు. వాళ్ళ భాషలో ఫోటో 'షూట్' చేస్తారు, 'క్యాప్చర్' చేస్తారు. ఒకటి తుపాకి మాట, ఇంకొకటి బంధించే మాట. మన మాటలో కర్త ఫోటోలో ఉన్న మనిషి. ఆమె దిగింది కాబట్టే ఫోటో అయింది.

సుసాన్ సోంటాగ్ 1977లో వచ్చిన తన పుస్తకంలో కెమెరాకీ తుపాకీకీ ఉన్న చుట్టరికం గురించి రాసింది. అంతకు రెండేళ్ళ ముందు లారా మల్వీ సినిమాలో పురుషుడి చూపు గురించి రాసింది. ఆ రెండూ మనం చదివాం, సదస్సుల్లో ఉటంకించాం. కానీ వాటిని మన పక్కనే తయారవుతున్న బొమ్మలకు, అంటే అభిరుచిగా ఫోటోలు తీసేవాళ్ళ బొమ్మలకు, పెట్టి చూసింది తక్కువ. సినిమాని విమర్శిస్తాం, ప్రకటనల్ని విమర్శిస్తాం. ఆదివారం పొద్దున మెడలో కెమెరా వేసుకుని ఊళ్ళ మీదికి వచ్చే మర్యాదస్తుణ్ణి 'కళాభిరుచి ఉన్నవాడు' అని వదిలేస్తాం. నేనూ వదిలేసేదాన్నే, వాళ్ళలో ఒకదాన్నయ్యేదాకా.

2005లో నేను మొదట కొన్నది సెకండ్ హ్యాండ్ నికాన్ ఎఫ్ఎం 10. రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. తర్వాత డిజిటల్ కెమెరా, దాంతో వచ్చిన 18-55 లెన్సు, ఆ పైన 50 ఎంఎం, చివరికి 70-300 జూమ్. ఈ వరస అందరికీ తెలిసిందే. ఒక్కో లెన్సు కొన్నప్పుడల్లా ఇక దీంతో చాలనుకోవడం, ఆరు నెలలకే ఇంకోదాని మీద మనసు పోవడం. మగ మిత్రుల సంభాషణ అంతా అంకెల్లోనే సాగేది. ఎంత దూరం లాగుతుంది, ఎంత వెలుతురు పీలుస్తుంది, ఎంతకు వచ్చింది. 'ఈ లెన్సు మీకు బరువేమో మేడమ్' అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో. నీళ్ళ బిందె మోసే చేతికి కిలో లెన్సు బరువని వాళ్ళకెందుకు తోచిందో!

బరువు సంగతి కాదు, అసలు ఇబ్బందులు వేరు. కెమెరా బెల్టు మెడ నుంచి రొమ్ముల మధ్యగా దిగుతుంది. చున్నీ దానికి చుట్టుకుంటుంది. చీరతో మోకాళ్ళ మీద కూర్చుని కింది నుంచి ఫోటో తీయాలంటే ముందు చుట్టూ ఎవరున్నారో చూసుకోవాలి. ఫోటోగ్రాఫర్ల కోటుకి జేబులే జేబులు, మన బట్టలకు ఒక్కటీ ఉండదు. బజారులో ట్రైపాడ్ విప్పితే దాని చుట్టూ గుంపు చేరుతుంది, ఆ గుంపు కెమెరాని కాదు చూసేది. ఇంకో మాట చెప్పాలి. రీళ్ళ కాలంలో మనం ఏ ఫోటో తీసినా ముందు చూసేది ల్యాబ్‌లో కడిగేవాడు. పురిటిగదిలో చెల్లెల్ని, ఆపరేషన్ కుట్లతో ఉన్న అమ్మ పొట్టని తీయాలని ఎన్నిసార్లు అనిపించినా రీలు ఆ కౌంటరు మీద పెట్టాల్సి వస్తుందన్న తలపు నా వేలిని ఆపింది. డిజిటల్ వచ్చాక ఫోటోలు సులువయ్యాయని అందరూ అన్నారు. నాకు మాత్రం ఆ కౌంటరు తప్పిపోవడమే డిజిటల్.

ఇక వెలుతురు. మంచి ఫోటోకి పొద్దు పొడిచాక ఒక గంట, పొద్దు గుంకే ముందు ఒక గంట శ్రేష్ఠమని ప్రతి పుస్తకంలో ఉంటుంది. బంగారు ఘడియలంటారు వాటిని. ఆ రెండు గంటలూ వంటింటి గంటలు, నల్లా నీళ్ళ గంటలు. ఫోటోగ్రాఫీలో ఆడవాళ్ళెందుకు తక్కువని అడిగేవాళ్ళకు నేనిచ్చే మొదటి జవాబు గాజు గురించీ కాదు, డబ్బు గురించీ కాదు, ఈ రెండు గంటల గురించి. ఆ వెలుతురులోకి మగవాళ్ళు ఇంట్లో ఎవరో కాచి ఇచ్చిన చాయ్ తాగి వస్తారు. వచ్చి దేన్ని తీస్తారంటే, ఆ వేళకు పనిలో ఉన్న ఇంకో ఆడదాన్ని!

ఏ ఫోటో పోటీ గోడ చూసినా ఆమే కనిపిస్తుంది. సూర్యాస్తమయం, చెరువు గట్టు, నెత్తిన కుండ పెట్టుకుని నడిచే స్త్రీ. నల్లటి నీడలా ఉంటుంది, కళ్ళుండవు, నోరుండదు. దానికి సాంకేతిక కారణం ఉంది. కెమెరాలోని మీటరు తన ముందున్న దేన్నైనా మధ్యరకం బూడిదరంగుగా లెక్కేసుకుంటుంది. వెనక ఆకాశం తెల్లగా ఉంటే దానికి తగ్గట్టు వెలుతురు కోసేస్తుంది, ముందున్న నల్లని ముఖం పూర్తిగా మునిగిపోతుంది. అదే ముఖం ఫ్రేము నిండా ఉంటే ఉన్నదానికంటే తెల్లగా, పాలిపోయినట్టు వస్తుంది. రెండిటికీ విరుగుడు ఉంది. మొదటిదానికి ఒకటో ఒకటిన్నరో స్టాపులు పెంచాలి, రెండోదానికి తగ్గించాలి. ఒక బటను నొక్కితే అయ్యే పని. కొండమీది సూర్యుడి కోసం ఫిల్టర్లు కొన్నవాళ్ళు ఆ బటను నొక్కరు. ముఖం మునిగిపోవడం వాళ్ళకు తప్పుగా కనిపించదు, దానికి 'సిల్హౌట్' అనే అందమైన పేరుంది.

ఇది ఒక్క మీటరు గుణం కాదు. కోడాక్ కంపెనీ దశాబ్దాల పాటు రంగు ప్రింట్లు సరిచూసుకోవడానికి ల్యాబులకు పంపిన నమూనా కార్డుల మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ ముఖమే. షిర్లీ కార్డు అని దానికి పేరే పడిపోయింది. ఆమె చర్మం సరిగ్గా వస్తే అందరి చర్మం సరిగ్గా వచ్చినట్టే. మన ఊళ్ళ స్టూడియోలు దానికి తమ వంతు కలిపాయి. పెళ్ళిచూపులకు పంపే ఫోటో కోసం నిలబడ్డ పిల్లని ఎవరూ అడగకుండానే రెండు ఛాయలు తెలుపు చేసి ఇచ్చేవారు. అలా తెల్లబడ్డ నా ఫోటో ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అది నేను దిగిన ఫోటో కాదు.

సిద్దిపేటకి బొమ్మ కొత్త కాదు. ఇక్కడి చేనేత చీర మీద గొల్లభామ తరాలుగా నడుస్తూనే ఉంది. ఆమెకూ నెత్తిన కుండే, ఆమెదీ పక్కనుంచి కనిపించే ఆకారమే, ఆమెకూ ముఖం లేదు. మరి ఆమె మీద లేని కోపం పోటీ ఫోటో మీద ఎందుకు? ఈ ప్రశ్న ఒక స్నేహితురాలు అడిగింది, నేను చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచింది ఇది. మగ్గం మీద గొల్లభామ ఒక గుర్తు, ఫలానా మనిషి అని ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు. ఫోటో అలా కాదు. ఆ సాయంత్రం ఆ గట్టు మీద నడిచినామె నిజంగా ఉంది, ఆమెకు పేరుంది, ఆమెని గుర్తుగా మార్చేటప్పుడు ఎవరూ అడగలేదు. ఇదే ఊరి చిత్రకారుడు కాపు రాజయ్య (1925-2012) నకాషీ సంప్రదాయం నుంచి తెచ్చుకున్న చదును రంగుల్లో బోనాలు, బతుకమ్మ, పల్లె స్త్రీలను వేశారు. ఆయన స్త్రీలు కూడా మనవైపు చూడరు. నాకు ఆ బొమ్మల మీద అభ్యంతరాలున్నాయి, ఆ పల్లె మరీ ప్రశాంతంగా ఉంటుంది, చేతులకు కాయలుండవు. అయినా ఆ స్త్రీలు ఒకరికొకరు ఉంటారు. కుంచె పట్టినాయన తను అక్కడ లేనట్టు పక్కకు తప్పుకుంటాడు. లెన్సు పట్టినాయన తప్పుకోడు.

బతుకమ్మ ఫోటోలు చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది. వరంగల్లు ఛాయాచిత్రకారుడు, 2022లో పోయిన భరత్ భూషణ్ లాంటి వాళ్ళు తెలంగాణ పల్లెను, బతుకమ్మను ఒక జీవితకాలం పాటు తీశారు. అది వేరే సంగతి, అభిరుచిగాళ్ళ లెక్క కాదది. నేను మాట్లాడేది ఏటా సద్దుల నాడు కోమటి చెరువు గట్టుకు వచ్చే కెమెరాల గురించి. బతుకమ్మ ఆట వలయం. అందరి ముఖాలూ లోపలికి, పూల వైపు. బయట నిలబడ్డవాడికి దొరికేవి వీపులు, జడలు. ఆ ఆట కట్టుబాటే అది. మా వైపు చూడకు, మేం మీ వైపు చూడం. అందుకని కెమెరాలు గోడలెక్కుతాయి, మేడలెక్కుతాయి, జీపుల మీద నిలబడతాయి. 2014లో రాష్ట్ర పండుగ అయ్యాక డ్రోన్లు కూడా వచ్చాయి. ఏటా పత్రికల్లో, క్యాలెండర్లలో మెచ్చుకోలు పొందే బతుకమ్మ ఫోటో ఏదంటే పైనుంచి తీసింది, స్త్రీలందరూ ఒక పెద్ద పువ్వు రేకుల్లా కనిపించేది.

దీనికి పేరు పెట్టినవాళ్ళు ఉన్నారు, వాళ్ళూ మా పాత మెదక్ జిల్లా వాళ్ళే. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు, చాలామంది బడి ముఖం చూడనివాళ్ళు, 1990ల చివర వీడియో కెమెరా నేర్చుకున్నారు. విత్తనాల మీద, పంటల మీద సినిమాలు తీశారు. ఇంగ్లీషు షాట్ల పేర్లు వాళ్ళకు నోరు తిరగక కాదు, పనికిరాక, తమ పేర్లు తాము పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. కింది నుంచి పైకి చూస్తే బానిస చూపు. కళ్ళకు కళ్ళు సమానంగా ఉంటే సంఘం షాట్. సినిమా సిద్ధాంతం మీద మనం చదివిన పుస్తకాలన్నీ ఈ మూడు పేర్లకు వివరణలా అనిపిస్తాయి నాకు. గోడెక్కిన ప్రతి బతుకమ్మ ఫోటో పటేల్ షాటే. నావి కూడా. 2007, 2008ల్లో నేను తీసిన మంచివన్నీ ఒక మిద్దె మీది నుంచే తీశాను.

ఇంకా వెనక్కి వెళ్తే కెమెరా వెనక స్త్రీ ఉంటే చాలా అన్న ప్రశ్న వస్తుంది. రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో జెనానా స్టూడియో పెట్టారు. ఘోషా స్త్రీల కోసం, కెనీ లెవిక్ అనే ఆంగ్లేయ మహిళ నడిపింది. దిగింది పై తరగతి స్త్రీలు, వాళ్ళ పరువుకు గోడలు కట్టి మరీ తీశారు. ఆ గోడలు బయట కూలికి పోయే స్త్రీకి ఎవరూ కట్టలేదు, ఆమెని ఎవరైనా ఎక్కడైనా తీయొచ్చు. ఇవాళ్టికీ అంతే. బంజారాహిల్స్‌లో ఒక ఇంటి గేటు ముందు నిలబడి లోపలి ఆవిడని జూమ్ చేసి చూడండి ఏమవుతుందో. దుబ్బాకలో బీడీలు చుట్టే ఆమె అరుగు ముందు నిలబడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనుకుంటాం.

హొమాయ్ వ్యారావాలా (1913-2012) వాడిన కెమెరాల్లో రోలీఫ్లెక్స్ ఒకటి. దాన్ని నడుము దగ్గర పెట్టుకుని తలవంచి చూస్తారు, తీసేవాళ్ళ ముఖం ఎదుటివాళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది. ఎస్సెల్లార్ ముఖాన్ని కప్పేస్తుంది. ఆపైన ఇంకో విచిత్రం. మీట నొక్కగానే లోపలి అద్దం పైకి లేస్తుంది, ఆ క్షణంలో కంటికి చీకటి. ఫోటో పడే ఆ క్షణాన్ని మాత్రమే ఫోటోగ్రాఫర్ చూడలేదు. ఇప్పుడు అద్దం లేని కెమెరాలు వచ్చి ఎస్సెల్లార్లు అటకెక్కుతున్నాయి కనుక ఇది పాత ముచ్చట అవుతోంది. కానీ 2009 సద్దుల నాడు నాకు ఆ చీకటి అవసరమైనంత పని చేసింది.

ఆ ఏడు మిద్దె దిగి గట్టు మీదికి వచ్చాను, జూమ్ లెన్సుతో. ఒక అవ్వ ముఖం దొరికింది. మూడు వందలకు లాగి, లెన్సు పూర్తిగా తెరిచి తీశాను. వెనకంతా మెత్తటి రంగుల మరక. ఇంటికొచ్చి చూసుకుని మురిసిపోయాను. తీసేటప్పుడు ఆమె నన్ను చూసింది. దగ్గరికొచ్చి, 'బిడ్డా, దించుకపోతున్నవ్ గని, మాకిస్తవా? పోయినేడు ఒగాయన గిట్లనే దించుకపోయిండు' అంది. ఇస్తానన్నాను. అది ఒక పోటీకి పంపాను, గోడకెక్కింది. అవ్వకివ్వడానికి పదకొండు నెలలు పట్టింది. ఇందులో పనుల ఒత్తిడి లేదు, ఏమీ లేదు, నాకు తట్టలేదు.

వాళ్ళ వాడకెళ్ళి ప్రింటు చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసింది. 'మంచిగున్నది' అంది. మళ్ళీ చూసింది. 'మిగిలినోళ్ళేరి? నేనొక్కదాన్నే ఆడిన్నా బతుకమ్మ?' వెనకున్న ఎర్రటి మరక మీద వేలు పెట్టి, 'గిది మా చెల్లె కొంగు' అంది. లెన్సు గొప్పతనమంతా ఆ మరకే. దానికోసమే అంత డబ్బు పోస్తాం. చెల్లెల్ని కొంగుగా, కొంగుని మరకగా చేసినందుకు నాకు బహుమతి వచ్చింది.

2010లో 50 ఎంఎం ఒక్కటే పట్టుకుని వెళ్ళాను. ఎఫ్ 8 పెట్టి, వలయం లోపలికి రమ్మంటే వచ్చి, బతుకమ్మ పక్కన కూర్చుని వాళ్ళ కళ్ళ ఎత్తున తీశాను. పొద్దు గుంకింది, వెలుతురు చాలలేదు, అందరూ కొంచెం కొంచెం కదిలారు. అవ్వ నోరు తెరిచి ఉంది, ఒకామె కళ్ళు మూసుకుంది. ఏ పోటీకీ పనికిరాని ఫోటో. అందులో దిగినవాళ్ళు పద్నాలుగు మంది. పద్నాలుగు ప్రింట్లూ ఆ వారంలోనే పట్టుకెళ్ళారు, కళ్ళు మూసుకున్నామె మాత్రం ఇంకోటి తీయమంది.