తిరునాళ్ళ కథకు ఇంటర్నెట్ రేడియో

ధ్వనిని అంతర్జాలం మీదుగా ఎడతెగకుండా పంపి శ్రోత ఫోనులో వినిపించే ప్రసారాన్ని ఇంటర్నెట్ రేడియో అంటారు. దానికి ఎత్తైన టవరు గాని, ప్రభుత్వం కేటాయించే ఫ్రీక్వెన్సీ గాని అక్కరలేదు. ఫిడేలు, బాంజో, గిటారులతోను, పాలకొల్లు శ్రీనివాస్ వల్ల తెలుగువారికి చిరపరిచితమైన మాండొలిన్‌తోను అమెరికా పల్లె బృందాలు వాయించే బ్లూగ్రాస్ సంగీతానికీ, 1940లలో బిల్ మన్రో దానికి రూపమివ్వకముందునుంచి ఉన్న ఓల్డ్ టైమ్ బాణీకీ వాణిజ్య స్టేషన్లలో చోటు అంతంతమాత్రమే కాబట్టి, వాషింగ్టన్‌లోని డబ్ల్యూఏఎంయూ రేడియో 2001లో ఆ సంగీతం కోసమే ఒక ఇంటర్నెట్ ప్రసారాన్ని ఆరంభించింది.

పశ్చిమ నెల్లూరులో ఇటువంటి సాధనం అవసరమైనవారు తిరునాళ్ళలోను, శ్రీరామనవమి పందిళ్ళలోను కథ చెప్పే బుర్రకథ దళాలు, హరిదాసులు, భజన బృందాలవారు. జహీరాబాదు దగ్గరి మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి నడిపిన సంఘం రేడియో చూపినట్లు, సమాజ రేడియో పల్లె గొంతుకు గొప్ప ఆసరా. అయితే దానికి అనుమతించే శక్తి సాధారణంగా 100 వాట్లే కావడం వల్ల ప్రసారం పది పదిహేను కిలోమీటర్లు దాటడం కష్టం. ఉదయగిరికీ ఆత్మకూరుకూ మధ్య దూరం నలభై కిలోమీటర్ల పైమాటే గనుక ఒక ఊరి స్టేషను రెండో ఊరికి అందదు. బతుకుతెరువుకు బెంగళూరు, చెన్నై, గల్ఫ్ చేరినవారి సంగతి చెప్పనే అక్కరలేదు.

ఆకాశవాణి బుర్రకథకు చేసిన మేలు చిన్నది కాదు. కాని అది కళాకారులను స్వరపరీక్షతో శ్రేణులుగా విభజించి, గడియారానికి లోబడిన వ్యవధిలో వినిపించింది. తంబూర పట్టిన కథకుడు, గుమ్మెటలు వాయిస్తూ ఒకరు హాస్యం, మరొకరు రాజకీయ వ్యాఖ్యానం చెప్పే ఇద్దరు వంతలు కలిసి రాత్రంతా సాగదీయగల కథను అరగంటకు కుదిస్తే, మిగిలేది కథాసారమే తప్ప ఆ రాత్రి ఆ ఊరివారిమీద విసిరిన చమత్కారం కాదు. ఇంటర్నెట్ రేడియోకు ఆ నిర్బంధం లేదు. సెకనుకు 64 కిలోబిట్ల వేగంతో పంపితే గంట కార్యక్రమానికి శ్రోతకయ్యే డేటా దాదాపు 29 మెగాబైట్లు; 2016లో జియో వచ్చాక పల్లెల్లో కూడా ఇది లెక్కలోకి రాని ఖర్చు. అయితే అన్ని కళలూ దీనికి సమానంగా ఒదగవు. అడుగుల విన్యాసమే ప్రాణమైన చెక్కభజన చెవికి సగమే చేరుతుంది. మాటే ప్రాణమైన బుర్రకథకు, హరికథకు మాత్రం రేడియో పుట్టిల్లు వంటిది.

అలాంటప్పుడు తెలుగు ఇంటర్నెట్ రేడియోలు ఎక్కువగా సినిమా పాటలనే నమ్ముకోవడం వింతగానే ఉంటుంది. రేడియోలు నిర్ణీత రుసుముతో పాటలు వాడుకోవడానికి కాపీరైట్ చట్టంలోని 31డి సెక్షన్ ఇచ్చే వెసులుబాటు అంతర్జాల ప్రసారానికి వర్తించదని బొంబాయి హైకోర్టు 2019లో తీర్పు చెప్పింది గనుక, సినిమా పాటకు హక్కుదారులతో విడిగా ఒప్పందం కుదుర్చుకోవలసిందే. తాను కట్టుకున్న కథను తానే చెప్పే కథకుడి దగ్గర దళసభ్యుల సమ్మతితో కూడిన ఒక అనుమతి పత్రం చాలు. చవకగా దొరికే సొంత సరుకును వదిలి ఖరీదైన పరాయి సరుకు కోసం పరుగెత్తడం వ్యాపార దృష్టితో చూసినా తెలివైన పని కాదు.

ఇంత చిన్న ప్రసారం కళాకారుడికి కూడు పెడుతుందా అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికదిగా పెట్టదు. బ్లూగ్రాస్ కళాకారులు లెస్టర్ ఫ్లాట్, ఎర్ల్ స్క్రగ్స్ 1953 నుంచి నాష్‌విల్‌లోని డబ్ల్యూఎస్ఎం రేడియోలో తెల్లవారకముందే పాడిన కార్యక్రమం కూడా వారి ఊరూరి కచేరీలకు జనాన్ని తెచ్చిపెట్టే చాటింపుగానే ఎక్కువ ఉపయోగపడింది. కథ ముగిసిన వెంటనే దళం పేరు, ఊరు, వారు ఇష్టపడి ఇచ్చిన ఫోను నంబరు చెప్పగలిగితే, తరువాతి తిరునాళ్ళకు బయానా ఇచ్చేవారు దళారి లేకుండానే దొరుకుతారు.

సర్వరును అద్దెకు తీసుకోవడం సులభం. మైకుల హోరులో మునిగిపోని రికార్డింగు చేయడం, కథ ఎవరి దగ్గర నేర్చుకున్నదో అడిగి నమోదు చేయడం కష్టం. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల యువకులు ఈసారి తిరునాళ్ళకు వెళ్ళినప్పుడు రెండు నిమిషాల వీడియోతో సరిపెట్టకుండా, దళం అనుమతి తీసుకుని, వంతల పేర్లతో సహా కథను మొదటినుంచి చివరిదాకా రికార్డు చేయాలి.