పరీక్ష ఎవరి కోసం?

1954 మార్చి 1న అమెరికా బికినీ దీవుల్లో హైడ్రోజన్ బాంబు పేల్చింది. రేడియేషన్ బూడిద తూర్పున ఉన్న రొంగెలాప్ మూలవాసుల మీద రాలింది. రెండు రోజులకుగానీ వాళ్లను తరలించలేదు. తర్వాత డాక్టర్లు వచ్చి పరీక్షించారు. ఆ నివేదిక పేరుకు అర్థం, రేడియేషన్‌కు గురైన మనుషుల స్పందనపై అధ్యయనం. ఊడిన జుట్టు, కాలిన చర్మం, రక్తకణాల లెక్క అన్నీ అందులో ఉన్నాయి. పేరులో మాత్రం వైద్యం అన్న మాట లేదు. 1957లో వాళ్లను అదే దీవికి తిరిగి పంపి, ఏటా పరీక్షించారు. 1963 నుంచి థైరాయిడ్ గడ్డలు బయటపడ్డాయి. చివరికి 1985లో వాళ్లే ఊరు వదిలారు.

సికిల్‌సెల్ పరీక్షకు రక్తమిచ్చి, ఫలితం తెలియక ఎదురుచూసినవాళ్లు మన గూడేల్లోనూ ఉన్నారు. అందుకే ఆపదలో జనాన్ని పరీక్షించే ఏ ప్రణాళికనైనా మనం మూడు ప్రశ్నలు అడగాలి: ఫలితం మాకు చెప్తారా? మా భాషలో చెప్తారా? జబ్బు తేలితే వైద్యం చేస్తారా?