నమూనా విద్యార్థి: ఇంటర్వ్యూలు చెప్పేది, చెప్పనిది

మీరు చదివే పాఠ్యపుస్తకాన్ని రాసినవారు, ఫోనులో మీరు చూసే పాఠాన్ని తయారుచేసినవారు మిమ్మల్ని ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు. అయినా వారి మనసులో ఒక విద్యార్థి ఉంటాడు. అతనికి ఇంతవరకు ఏం తెలుసు, ఇంట్లో ఏ భాష మాట్లాడతాడు, పాఠం ఏ వేళ చదువుతాడు అన్నవి ఊహించుకునే వారు పని మొదలుపెడతారు. ఆ ఊహ మీకు దగ్గరగా ఉంటే పాఠం సులువుగా అర్థమవుతుంది. దూరంగా ఉంటే లోపం మీలోనే ఉందనుకుని మీరు పుస్తకం మూసేస్తారు. కాబట్టి ఆ ఊహ ఎలా తయారవుతుందో తెలుసుకోవడం మీకూ అవసరమే.

ఈ ఊహను ఒక పద్ధతి ప్రకారం నిర్మించే ప్రక్రియకు ఇప్పుడు మంచి ప్రచారం ఉంది. అమెరికాకు చెందిన సాఫ్ట్‌వేర్ రూపకర్త అలన్ కూపర్ 1999లో ప్రచురించిన పుస్తకంతో ఇది వెలుగులోకి వచ్చింది. ఒక వస్తువును వాడబోయేవారిలో కొందరిని ఇంటర్వ్యూ చేస్తారు. వారి మాటల్లో పదేపదే కనిపించే అలవాట్లను, అవసరాలను, ఇబ్బందులను ఏరి, వాటితో ఒక కల్పిత వ్యక్తిని తయారుచేస్తారు. ఆ వ్యక్తికి పేరు, వయసు, ఊరు కూడా ఇస్తారు. దీన్నే 'పర్సోనా' అంటారు. మనం 'నమూనా వ్యక్తి' అనుకుందాం. విద్యా యాప్‌లు తయారుచేసే సంస్థలు, డిజైన్ చదివే విద్యార్థులు దీన్ని విరివిగా వాడుతున్నారు. ఈ పద్ధతిని ఎంతవరకు నమ్మవచ్చు? జవాబు కోసం ఐదు దశాబ్దాల వెనక్కి, రాయపూర్ పరిసర గ్రామాలకు వెళ్దాం.

ఉపగ్రహం కంటే ముందు ప్రశ్నలు

1975 ఆగస్టు 1న మన దేశంలో ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం మొదలైంది. దీన్ని క్లుప్తంగా 'సైట్' అంటారు. నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. మన మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల గ్రామాలు వాటిలో ఉన్నాయి. అప్పటి మధ్యప్రదేశ్‌లోని రాయపూర్, బిలాస్‌పూర్, దుర్గ్ జిల్లాల గ్రామాలూ ఉన్నాయి. ఈ మూడు జిల్లాలు 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోకి వచ్చాయి. ఉదయం బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం వంటి అంశాలపై కార్యక్రమాలు వచ్చేవి. 1976 జూలై 31న ఈ ప్రయోగం ముగిసింది.

ఉపగ్రహం గురించి, తీగవలతో చేసిన పది అడుగుల యాంటెన్నాల గురించి మీరు చదివే ఉంటారు. అంతగా ప్రచారం పొందని విషయం మరొకటుంది. ప్రసారాలకు ముందే ఇస్రో సామాజిక శాస్త్రవేత్తలు గ్రామాలకు వెళ్ళి ప్రజలను ప్రశ్నించారు. ఒక్కొక్క ప్రాంతానికి ప్రేక్షకుల స్వరూపాన్ని వివరించే నివేదికలు తయారుచేశారు. మానవశాస్త్రవేత్త బినోద్ అగ్రవాల్ వంటివారు ఈ పరిశోధనకు నాయకత్వం వహించారు. కొందరు పరిశోధకులు ఎంపికచేసిన గ్రామాల్లో నెలల తరబడి నివసించి అక్కడి జీవితాన్ని పరిశీలించారు. 'పర్సోనా' అనే మాట డిజైన్ రంగంలోకి రావడానికి దాదాపు పాతికేళ్ళ ముందే, వాడేవారిని తెలుసుకున్న తరువాతే వస్తువును తయారుచేయాలన్న సూత్రం మన పల్లెల్లో అమలైంది. ఇది మెచ్చుకోదగిన విషయం.

అయితే విమర్శకు తావున్నది కూడా ఇక్కడే. రాయపూర్ గ్రామాలకు వెళ్ళిన హిందీ కార్యక్రమాలే బీహార్, రాజస్థాన్ గ్రామాలకూ వెళ్ళాయి. వాటిని తయారుచేసే కేంద్రం ఢిల్లీలో ఉంది. రాయపూర్ పల్లెల్లో పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఛత్తీస్‌గఢీ. వరి పండే ఈ నేలకూ రాజస్థాన్ మెట్టపొలాలకూ పోలికే లేదు. మన తెలుగు గ్రామాల సంగతీ కొంత ఇలాంటిదే. ఉపగ్రహం ఒక దృశ్యాన్ని, దానితోపాటు రెండు ధ్వనులను మాత్రమే పంపగలిగేది. అందువల్ల ఒకే బొమ్మకు ఒక ధ్వని తెలుగులో, మరొకటి కన్నడంలో ఇచ్చే ఏర్పాటు చేశారు. అంటే ప్రేక్షకుల స్వరూపాలు అనేకం, చేరే దృశ్యం మాత్రం ఒకటే. ఎంత శ్రద్ధగా ఇంటర్వ్యూలు చేసినా, వాటి ఫలితానికి అనుగుణంగా వస్తువును మార్చే వీలు లేకపోతే ఆ శ్రమలో చాలా భాగం వృథా అవుతుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ గుజరాత్‌లో ఉంది. ఖేడా జిల్లాలోని పిజ్ గ్రామంలో ఒక చిన్న ట్రాన్స్‌మిటర్‌తో, 1975లోనే, ఆ జిల్లాకు మాత్రమే ప్రసారాలు ఆరంభించారు. కార్యక్రమాల్లో స్థానికుల మాండలికం వినిపించింది, వారి సమస్యలు కనిపించాయి. 1984లో ఖేడా ప్రాజెక్టుకు యునెస్కో బహుమతి లభించింది. ఉపగ్రహంతో పోలిస్తే ఇక్కడి పరికరం చాలా చిన్నది. కానీ పరిశోధకులు తెలుసుకున్న సంగతి కార్యక్రమంలోకి చేరే దారి దగ్గరగా ఉంది.

అడగడం వేరు, చూడడం వేరు

ఇంటర్వ్యూకే ఒక పరిమితి ఉంది. "నీకు సైన్సు ఇష్టమేనా?" అని ఊరికి కొత్తగా వచ్చిన పెద్దమనిషి అడిగితే మీరేం చెబుతారు? "ఇష్టమేనండీ" అంటారు. పక్కన మాస్టారు నిలబడి ఉంటే ఇక చెప్పనక్కరలేదు. ఆ జవాబుతో నిర్మించిన నమూనా విద్యార్థి సైన్సును ప్రేమిస్తాడు, మీరు మాత్రం ఆవులిస్తూ ఉంటారు. "నిన్న సైన్సు పీరియడులో ఏం చేశారు? ఇంటికి వెళ్ళాక పుస్తకం తీశావా? ఎక్కడ ఆగిపోయావు?" అని అడిగితే జవాబు వేరుగా ఉంటుంది. జరిగిన పని గురించి అడగాలి, అభిప్రాయం గురించి కాదు.

చిన్నపిల్లల విషయంలో ఇదీ చాలదు. 1969లో అమెరికాలో 'సెసమీ స్ట్రీట్' అనే పిల్లల కార్యక్రమాన్ని రూపొందించేటప్పుడు ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు ఒక ఉపాయం చేశాడు. పిల్లవాడి ముందు టెలివిజన్ పెట్టి, దాని పక్కనే మరో తెరపై ఏడున్నర సెకన్లకొకసారి మారే బొమ్మలు చూపించాడు. పిల్లవాడి చూపు టెలివిజన్ మీద నుంచి ఎప్పుడు పక్కకు మళ్ళుతుందో నమోదు చేశాడు. ఏ భాగం విసుగు పుట్టిస్తుందో పిల్లవాణ్ణి అడగకుండానే తెలిసింది. ఇంటర్వ్యూతోపాటు ఇటువంటి పరిశీలన లేకపోతే నమూనా వ్యక్తి సగం మనిషే.

ఒక చిన్న లెక్క

ఇప్పుడు కాగితం తీసుకోండి. రాయపూర్‌లోని ఒక బడి కోసం మనం ఒక నమూనా విద్యార్థినిని కల్పించామనుకుందాం. ఎనిమిదో తరగతి. ఇంట్లో ఒకటే ఫోను. అది రాత్రి నాన్న వచ్చాకే చేతికి అందుతుంది. గణితమంటే భయం. చదువులో సాయానికి అక్క ఉంది. వర్ణన ఎంతో సజీవంగా ఉంది కదా! అయితే ఇటువంటి లక్షణాలు ఐదింటిలో ఒక్కొక్కటి సగం మందికి వర్తిస్తుందనీ, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదనీ అనుకోండి. ఐదూ కలిగినవారు రెండింట ఒక వంతు చొప్పున ఐదుసార్లు గుణిస్తే 32లో ఒక వంతు. అంటే 200 మంది పిల్లల్లో ఆరుగురు. వివరాలు పెరిగేకొద్దీ బొమ్మకు ప్రాణం వస్తుంది, కానీ అది ప్రాతినిధ్యం వహించే పిల్లల సంఖ్య తగ్గిపోతుంది. క్రిస్టఫర్ చాప్‌మన్, రసెల్ మిల్హామ్ అనే పరిశోధకులు 2006లో ఈ పద్ధతిపై చేసిన విమర్శలో ఇది ముఖ్యాంశం. నమూనా వ్యక్తి కల్పితం కాబట్టి అది తప్పని నిరూపించడం కూడా కష్టమని వారన్నారు. తప్పని నిరూపించే వీలులేని మాటను సైన్సు అనుమానంతోనే చూస్తుందని మీకు తెలుసు.

మరి ఈ పద్ధతిని వదిలేయాలా? అక్కరలేదు. నమూనా వ్యక్తిని సత్యంగా కాక, పరీక్షించవలసిన పరికల్పనగా చూడాలి. "ఈ విద్యార్థినికి ఫోను రాత్రిపూట మాత్రమే దొరుకుతుంది, కనుక పాఠం పది నిమిషాలు మించకూడదు" అన్నది పరీక్షకు నిలిచే మాట. "ఈమెకు పెద్ద కలలున్నాయి" అన్నది నిలవదు. మొదటిది పాఠాన్ని మారుస్తుంది. రెండవది నివేదికకు అలంకారం.

ఇంటర్వ్యూకు ఎవరు దొరకలేదో కూడా రాసుకోవాలి. రాయపూర్‌లో బడికి వెళ్ళి ప్రశ్నలు అడిగితే ఆ రోజు బడికి వచ్చినవారే దొరుకుతారు. వరికోతల రోజుల్లో పొలానికి వెళ్ళిన పిల్ల దొరకదు. ఇంట్లో ఛత్తీస్‌గఢీ మాట్లాడే పిల్లవాడు హిందీ ప్రశ్నకు ముక్తసరిగా జవాబిస్తాడు. అతనికి విషయం తెలియదని మనం రాసుకుంటాం. రాయపూర్, భిలాయ్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష మధ్య చదువుకుంటారు. వీరందరినీ కలిపి సగటు తీస్తే వచ్చే విద్యార్థి ఆ ఊళ్ళో ఎక్కడా ఉండడు. ఒక్క నమూనాకు బదులు భిన్నమైన రెండు మూడు నమూనాలు ఉండాలి. వాటిలో ఒకటి తప్పకుండా ఇంటర్వ్యూకు రాని పిల్లదై ఉండాలి. ఆమె గురించి తెలుసుకోవడానికి ఆమె ఇంటికి వెళ్ళాలి, ఆమె భాషలో మాట్లాడాలి.

ఈ ఏడాది మీ బడిలోనో కళాశాలలోనో ప్రాజెక్టు చేయవలసి వస్తే ఇది ప్రయత్నించండి. మీ కింది తరగతి సైన్సు పుస్తకంలో ఒక పాఠం తీసుకోండి. ఆరుగురితో మాట్లాడండి, ఆ ఆరుగురూ మీ స్నేహితులే కాకుండా చూసుకోండి. వారు పాఠం చదువుతుండగా పక్కన కూర్చుని ఎక్కడ ఆగుతున్నారో గుర్తుపెట్టండి. ఆపైన నమూనా విద్యార్థిని రాయండి. రాసిన ప్రతి వాక్యం పక్కన, ఇది ఎవరు చెప్పారో, ఎవరిలో చూశారో పేర్లు లేకుండా అంకెతో నమోదు చేయండి. ఏ అంకే లేని వాక్యాన్ని కొట్టివేయండి. మిగిలినదాని ఆధారంగా పాఠాన్ని మార్చి, ఇంతకుముందు మీరు కలవని ఏడో విద్యార్థికి ఇచ్చి చూడండి. అతను ఎక్కడ ఆగిపోయాడో అక్కడినుంచి మీ నమూనాను మళ్ళీ సరిదిద్దడం మొదలుపెట్టండి.