కుంటు ఎక్కడ? మచ్చ ఎక్కడ?

నల్లమల రాళ్ళలో మేసి పెరిగిన అమ్రాబాదు పొడ తూర్పు జాతి కోడెలను కురుమూర్తి జాతరలో కొనవచ్చిన రైతు, నాలుగడుగులు నడిపించి, మరల త్రిప్పి, ఏ కాలు నేలపై తక్కువసేపు నిలుచుచున్నదో, తల ఏ అడుగునకు పైకెగయుచున్నదో కనులార చూచుకొననిదే బయానా ఇయ్యడు. కుంటు ఏ కాలిదో ఆ చూపు చెప్పును; కాలిలో ఎచ్చటిదో చెప్పుటకే మా పశువైద్యులకు అల్ట్రాసౌండు యంత్రముతో పని.

1982లో పశువైద్యుడు రాంటనెన్ గుఱ్ఱపు కాళ్ళ అల్ట్రాసౌండు పరీక్షను గూర్చి ప్రకటించిన నాటినుండి పందెపు గుఱ్ఱముల వైద్యమున దానికి పెద్దపీట లభించినది. మలక్‌పేటలో పరుగిడు గుఱ్ఱమునకైనను, ముంగాలి వెనుక చర్మమునకు దిగువనే యుండు స్నాయువు తెగినదో లేదో చూచుటకు అంతకంటె అనువైన సాధనము నేనెరుగను. అయినను ఆ చూచుట సులభము గాదు. వెండ్రుకలు గొరిగి, చర్మము కడిగి, జెల్లు పూయకున్నచో నడుమ చిక్కిన గాలియే ధ్వనితరంగములను త్రిప్పికొట్టును. నొప్పి యెచ్చటనో తెలియుటకు ముందుగా మొద్దుబరచు సూది వేసినచో, ఆ మందును దానితో చొరబడిన గాలియును చిత్రమును చెరచును. అన్నిటికంటె మోసకరమైన సంగతి యేమనగా, చర్మముపై ఆనించు ప్రోబు స్నాయుతంతువులకు లంబముగా నుండక రవ్వంత వాలినను, ఆరోగ్యమైన స్నాయువే తెరపై నల్లబడి గాయపడినదానివలె గన్పట్టును. వైద్యుని మణికట్టు వంకర గుఱ్ఱమునకు రోగముగా నమోదగుట! అందుచేతనే ఎరిగినవారు ప్రోబును సరిచేసి మచ్చ నిలుచునో తొలగునో చూతురు; రెండవ కాలిని గూడ అదే యెత్తున పరీక్షింతురు. తాజా గాయము తొలినాళ్ళ చిత్రమున చిన్నదిగా తోచి, కొన్ని దినములకు పెద్దదగుటయు కలదు గనుక, మరల చూడవలసియుండును.

ఇక పశువుల కుంటులో అధికభాగము గిట్టయందే పుట్టును; ఆ గట్టి పెంకును ఈ తరంగములు దాటజాలవు. గుఱ్ఱపు డెక్క అడుగున మెత్తని త్రికోణభాగమున్నది. దానిని చెక్కి నానబెట్టి, అటనుండి లోనికి కొంత చూడవచ్చును. ఎద్దు గిట్టకు అదియును లేదు. యంత్రము కొన్నవానికి ఏదో ఒకటి కొలిచి చూపవలెనను ఉబలాటము సహజమే గాని, మొదట కాలు కట్టి యెత్తి, గిట్ట కడిగి, సందున రాయి యిఱికినదేమో చూచి, పటకారుతో ఒత్తి పరీక్షింపవలెను.

గిట్టలో దోషము లేదని తేలి, కాలి వెనుక వాపును వేడియు చేతికి తగిలినప్పుడే నేను గొరుగుటకు పూనుకొందును. రెండవ కాలిని గూడ గొరుగబోగా, “మంచిగున్న కాలెందుకు గీకుతున్నరు సారూ?” అని కాపరి తప్పక అడుగును. ప్రశ్న సహేతుకమే గాని, తెరపై రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నిలిపి చూపిన పిదపగాని అతడు ఒప్పుకొనడు.