కుడి వరుస ఎవరిది?

విజయవాడ, గుంటూరు మధ్య 16వ నంబరు జాతీయ రహదారికి ఒక్కోవైపు మూడు వరుసలు. ఒక్కో వరుస వెడల్పు సుమారు మూడున్నర మీటర్లు. ఎడమ వరుస నెమ్మదిగా వెళ్ళే బండ్లకు, రోడ్డు దిగేవాటికి, కొత్తగా ఎక్కేవాటికి. మధ్య వరుస నిలకడగా సాగే ప్రయాణానికి. డివైడర్ పక్కనున్న కుడి వరుస ముందు బండిని దాటడానికి, దాటాక మళ్ళీ ఎడమకు వచ్చేయడానికి. వేగంగా పోయేవాళ్ళకు కుడి వరుస రాసిచ్చారని చాలామంది అనుకుంటారు. దాటవలసిన బండి లేనప్పుడు గంటకు వంద కిలోమీటర్లలో పోయే కారుకైనా అక్కడ పనిలేదు.

తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు డ్రైవింగ్ నేర్చుకున్నవారికి మొదట అలవాటయ్యేది కాలవ గట్టు రోడ్డు. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క పొలం, అంచులు కుంగిన తారు. అక్కడ నడిమధ్యన పోవడమే క్షేమం. ఎదురుగా బస్సు వస్తే ఇద్దరిలో ఒకరు ముందే చూసుకుని మార్జిన్ దిగుతారు. ఎవరు దిగాలో ఏ చట్టమూ చెప్పదు. బండి సైజు, మీదున్న లోడు, కాలవ ఏ పక్కనుందన్న సంగతి, డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, ఇవే తేలుస్తాయి. ముప్ఫై, నలభై కిలోమీటర్ల వేగంలో ఆ పద్ధతికి వంక పెట్టేదేమీ లేదు. వంద దగ్గర మొహాలు కనపడవు. సెకనుకు 28 మీటర్లు దూసుకుపోతున్న మనిషికి పక్కవాడి ఉద్దేశం తెలిసేది మూడు గుర్తులతో: ఏ వరుసలో ఉన్నాడు, ఇండికేటర్ ఏం చెబుతోంది, ముందు బండికి ఎంత ఎడం ఇచ్చాడు. దుగ్గిరాల మీదుగా వచ్చి మంగళగిరి దగ్గర హైవే ఎక్కే డ్రైవరు మార్చుకోవలసింది మొహాలు చూసి తేల్చుకునే ఆ అలవాటునే.

రోడ్డు మీద నడవడికకు దేశమంతటికీ ఒకే నిబంధనలున్నాయి. 1988 మోటారు వాహనాల చట్టం కింద 1989లో వచ్చినవాటి స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. గీతలు గీసిన రోడ్డు మీద బండి తన వరుసలోనే సాగాలి, ఇండికేటర్ వేశాకే వరుస మారాలి. దాటడం కుడివైపు నుంచే. ముందు బండి కుడికి తిరగబోతూ ఇండికేటర్ వేసి అటు జరిగినప్పుడు ఎడమ నుంచి దాటవచ్చు. వెనక బండి దాటుతుండగా ముందువాడు వేగం పెంచకూడదు. ఇది నిబంధనల్లో ఉందని తెలిసినవారు తక్కువ, పాటించేవారు ఇంకా తక్కువ. వేగం సంగతికొస్తే, డివైడర్ ఉన్న నాలుగు వరుసలు, ఆపై రోడ్లకు 2018లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ పరిమితులు కార్లకు 100, బస్సులకు 90, లారీలకూ మోటారు సైకిళ్ళకూ 80, ఆటోలకు 50. రోడ్డు పక్క బోర్డు మీద అంతకంటే తక్కువ రాసి ఉంటే బోర్డుదే మాట. ఈ అంకెల్లో ఒక ప్రమాదం దాగుంది. ఇద్దరూ చట్టప్రకారమే నడుపుతున్నా కారుకూ ఆటోకూ మధ్య తేడా యాభై కిలోమీటర్లు. అంటే 140 మీటర్ల ముందున్న ఆటో పది సెకన్లలో బంపరు దగ్గరకొచ్చేస్తుంది.

కత్తిపూడి నుంచి మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరే 216వ నంబరు రహదారి చాలా దూరం పోనొక వరుస, రానొక వరుస. అక్కడ దాటడమంటే ఎదుటివాడి వరుసను కాసేపు అరువు తీసుకోవడం. మధ్యలో తెగిన గీత ఉంటే చూసుకుని దాటవచ్చు, తెగని గీత ఉంటే దాటకూడదు. పెనుమూడి, పులిగడ్డల మధ్య కృష్ణ మీది వారధి లాంటి చోట దిగడానికి మార్జిన్ కూడా ఉండదు గనక తొందర అణచుకోవలసిందే.

మళ్ళీ పెద్ద రోడ్డుకు వస్తే, అందరూ తిట్టుకునేది కుడి వరుసలో తాపీగా పోయే లారీని. లోడు లారీ డివైడర్ పక్కనే అరవైలో సాగుతుంది, వెనక కార్ల బారు పెరుగుతుంది. తప్పు తప్పే. ఆ డ్రైవరు అక్కడెందుకున్నాడో మాత్రం ఎడమ వరుసను ఒక్కసారి చూస్తే అర్థమవుతుంది. టీ బడ్డీ ముందు సగం రోడ్డు మీద ఆపిన లారీ. నంబూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట ప్రయాణికుల కోసం ఆగే ఆటోలు. యూ టర్న్ దాకా వెళ్ళడం దండగనుకుని రాంగ్ రూట్లో ఎదురొచ్చే మోటారు సైకిలు. పాతిక టన్నుల బరువుతో పోతున్నవాడు వీటన్నిటికీ బ్రేకు వేసి, గేర్లు దించి, మళ్ళీ వేగం అందుకోవాలంటే డీజిలూ పోతుంది, ఓపికా పోతుంది. డివైడర్ పక్కనైతే ఎవరూ అడ్డురారు. ఎడమ వరుస ఖాళీగా ఉంచితేనే కుడి వరుస ఖాళీ అవుతుంది. రాంగ్ రూట్లో వచ్చేవాడికి, రోడ్డు మీద ఆపేవాడికి ఈ సంగతిలో లారీ డ్రైవరుతో సమానమైన వాటా ఉంది, నిజానికి కొంచెం ఎక్కువే. ఎదురు దిశలో నడపడాన్ని మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రమాదకరమైన డ్రైవింగ్‌లో చేర్చింది. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, వెయ్యి నుంచి అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

కుడి వరుస మూసుకుపోతే కార్లు ఎడమ నుంచి దూరతాయి. ఇక్కడ లారీ క్యాబిన్‌లో కూర్చున్నవాడి కంటితో చూడాలి. అతడు కూర్చునేది కుడివైపు, నేలకు చాలా ఎత్తున. ఎడమ తలుపు కింద, ముందు చక్రం పక్కన ఉన్న చిన్న కారు అతని సీట్లోంచి కనపడదు, అద్దంలోనూ ఒక్కోసారి కనపడదు. వెనక కార్ల హారన్లకు విసిగి అతడు ఎడమకు జరగాలనుకునేదీ సరిగ్గా ఆ క్షణంలోనే. లారీ అద్దంలో దాని డ్రైవరు మొహం కనపడకపోతే అతడికీ కారు కనపడటం లేదని లెక్క. జర్మనీ హైవేల మీద కుడిపక్క నడక కాబట్టి కుడి నుంచే దాటాలన్న మన నియమం తిరగేసి ఉంటుంది: కుడి నుంచి దాటితే శిక్ష, దాటాక ఎడమ వరుసలో పాతుకుపోవడమూ నేరమే.

ఎడం కొలవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ముందు బండి ఒక కరెంటు స్తంభాన్ని దాటినప్పటి నుంచి సెకన్లు లెక్కపెట్టాలి. మన బండి ఆ స్తంభం చేరేసరికి కనీసం మూడు కావాలి. వంద వేగంలో అది ఎనభై మీటర్ల పైమాటే. వాన పడితే రెట్టింపు. ఆ ఖాళీలో వేరే కారు దూరుతుందన్నది మన డ్రైవర్ల ప్రధాన అభ్యంతరం. దూరుతుంది. మళ్ళీ కాస్త వెనక్కి తగ్గడం వల్ల పోయేది రెండు మూడు సెకన్లు.

సంకేతాల్లో మన దగ్గర గందరగోళం ఎక్కువ. ముందు లారీ ఎడమ ఇండికేటర్ వేస్తే ‘దాటి వెళ్ళు’ అనీ కావచ్చు, ‘పక్కకు ఆపుతున్నా’ అనీ కావచ్చు. కుడి ఇండికేటర్‌కూ అదే పేచీ. క్లీనరు చెయ్యి ఊపితే కొంత నయం గానీ, దాటేవాడు తన కళ్ళనే నమ్ముకోవాలి. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగించి ‘తిన్నగా పోతున్నా’ అని చెప్పడం ఇంకో వింత. ఒక పక్క నుంచే చూసేవాడికి అది మలుపు సంకేతంలా కనిపిస్తుంది. ఆ దీపాలు ఆగిపోయిన బండికి.

డెల్టాలో చలికాలం తెల్లవారుజామున మంచు దట్టంగా దిగుతుంది. అప్పుడు హై బీమ్ వేస్తే వెలుగు మంచు మీద పడి కళ్ళల్లోకే తిరిగొస్తుంది, డిమ్‌లోనే పోవాలి. కోతల రోజుల్లో వెనక దీపం లేని గడ్డి ట్రాక్టర్లు, సర్వీస్ రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, మొక్కజొన్న ఎదురవుతాయి. గింజల కంటే వాటి చుట్టూ పేర్చిన రాళ్ళు ప్రమాదం. ధాన్యం ఎత్తుకెళ్ళాక కూడా అవి అక్కడే ఉంటాయి, రాత్రి స్కూటరు ముందు చక్రం కింద పడతాయి.

రోడ్డు దిగవలసినవాడు కిలోమీటరు ముందే ఎడమ వరుసకు చేరుకోవాలి. కాజ టోల్ ప్లాజా ముందు ఏ బూత్ ఖాళీగా ఉందా అని అడ్డంగా కోసుకుపోవడం ఫాస్టాగ్ వచ్చాక కూడా తగ్గలేదు. తెనాలి మలుపు తప్పిపోతే తర్వాతి యూ టర్న్ దాకా వెళ్ళాలేగానీ రివర్స్ చేయకూడదు. బండి చెడితే మార్జిన్‌లోకి పూర్తిగా దించి, హజార్డ్ లైట్లు వేసి, ఎర్ర త్రికోణం వెనక బాగా దూరంగా పెట్టి, మనుషులు రోడ్డు దిగి ఎడంగా నిలబడాలి. జాతీయ రహదారుల సహాయానికి 1033 నంబరుంది. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే పది వేల జరిమానా పడవచ్చు. గాయపడ్డవారిని ఆస్పత్రికి చేర్చినవారు తమ పేరు, వివరాలు చెప్పి తీరాలని పోలీసులు గానీ ఆస్పత్రి గానీ పట్టుబట్టడానికి వీల్లేదు. 2019 సవరణతో వచ్చిన 134ఏ సెక్షన్ ఈ రక్షణ ఇస్తోంది.