గోపురం నీడ

తంజావూరు బృహదీశ్వరాలయం చూడబోయినప్పుడు గైడు మాకు మొట్టమొదట చెప్పిన విశేషం: ఈ విమానం నీడ నేలమీద పడదట! అప్పుడు సాయంకాలం నాలుగు గంటలు. మేమందరమూ ఆ నీడలోనే నిలబడి తలలూపాము.

1010లో పూర్తయిన ఈ ఆలయం మహత్తర నిర్మాణమనడంలో సందేహం లేదు. అయితే సుమారు 66 మీటర్ల ఆ ఎత్తును మోసినవారెవరు? సమాధానం ఆలయం గోడల మీదనే ఉన్నది. రాజరాజ చోళుని శాసనం నాలుగువందల మంది ఆటకత్తెలను పేరుపేరునా చెబుతుంది. వారిని ఏ గుళ్లనుంచి తెచ్చినదీ, ఏ వీధిలో ఇల్లిచ్చినదీ చెబుతుంది. ఒక్కొక్కరి భాగం నూరు కలాల వడ్లు. కలమంటే ఆనాటి ధాన్యపు కొలత. వడ్లు చెల్లించవలసిన ఊళ్ల లెక్కా అక్కడే ఉన్నది. ఆ ఊళ్లలో పన్ను లేని స్థలాలను చెప్పేటప్పుడు చెరువులు, కాలువలు, శ్మశానంతోపాటు పరైచేరి, అనగా పరయల వాడ, విడిగా కనిపిస్తుంది. ఊరు వేరు, వాడ వేరు అన్నది వెయ్యేళ్లనాడే రాతికెక్కిందన్నమాట.

మనవాళ్లు కొందరు "ప్రజల నెత్తుటితో కట్టినది" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. అది అబద్ధం కాదు. కాని గోడ చదవకుండా అన్న మాట నినాదమవుతుందే తప్ప విమర్శ కాజాలదు. ఆ శాసనాలు చదవడం రాక నేనూ ఆనాడు శిఖరం చూసి తిరిగివచ్చినవాడినే. ఈ లెక్కలన్నీ ఇంటికి వచ్చాక అచ్చుపుస్తకాలలో తెలుసుకున్నాను. నీడ మాత్రం అక్కడే, కళ్ళెదుటే పడింది. అది కూడా గైడుతో అనలేకపోయాను.