రేడియోలో పడ్డ మాటకు జవాబు ఎక్కడ?

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో రెడ్ లయన్ అని ఒక చిన్న ఊరుంది. 1964లో అక్కడి రేడియో స్టేషన్ ఒక మతబోధకుడి పదిహేను నిమిషాల కార్యక్రమం వేసింది. ఎన్నికల్లో నిలబడ్డ నాయకుడిని విమర్శిస్తూ పుస్తకం రాశాడని ఫ్రెడ్ కుక్ అనే రచయితను ఆ బోధకుడు పేరు పెట్టి దూషించాడు. జవాబు చెప్పుకోవడానికి నాకూ ఉచితంగా సమయం ఇవ్వండని కుక్ అడిగాడు. స్టేషన్ ఒప్పుకోలేదు. గొడవ సుప్రీంకోర్టుకు ఎక్కి 1969లో తేలింది. స్టేషన్ యజమాని హక్కు కంటే వినేవాళ్ల హక్కు పెద్దదని, మాట పడ్డ మనిషికి జవాబు చెప్పే చోటు ఇవ్వాల్సిందేనని కోర్టు చెప్పింది.

మనకు ఇది కొత్త సంగతి కాదు. మన ఊరి పంచాయితీలో ఒకరి మీద మాట వస్తే ముందు ఆ మనిషిని పిలుచుకు రమ్మంటారు. రాకుండా మాట సాగనివ్వరు. వచ్చాక ఇద్దరూ గొంతులు చించుకున్నా పెద్దలు చుట్ట కాల్చుకుంటూ వింటారు. అరిచినందుకు తప్పు వేసిన పంచాయితీని నేను చూడలేదు.

అమెరికాలో ఆ పద్ధతికి మూలమైన నిబంధనను 1987లో తీసేశారు. మరుసటి ఏడే రష్ లింబా అనే ఆయన రాజకీయ కార్యక్రమం దేశమంతటా మొదలైంది. పోనుపోను దాదాపు 600 స్టేషన్లు దాన్ని తీసుకున్నాయి. ఎక్కడో కూర్చుని ఒకాయన మాట్లాడతాడు, ఊరి స్టేషన్ దాన్ని అందుకుని వదులుతుంది. సొంతంగా మనుషుల్ని పెట్టి కార్యక్రమం చేయడం కంటే అది చవక. బోర్డు మీద ఊరి పేరుంటుంది, మాట మాత్రం ఆ ఊరిది కాదు. నొచ్చుకున్నవాడు స్టేషన్‌కు ఫోన్ చేస్తే, మాది కాదు, పైనుంచి వచ్చింది అంటారు. ఈ సమాధానం మనం ఆఫీసుల్లో విని విని ఉన్నదే.

ఇలాంటి కార్యక్రమాల్లో శ్రోతలు ఫోన్ చేసి మాట్లాడితే ఆ మాట కొన్ని సెకన్లు ఆలస్యంగా బయటికి పోతుంది. బూతు దొర్లితే ఆపడానికి ఒక బటన్ ఉంటుంది. బూతు లేకుండా, మెత్తటి గొంతుతో, ఒక జాతి మొత్తాన్ని సోమరులు అంటే ఆ బటన్ మీదికి చెయ్యి పోదు. సభ్యత గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది ఇక్కడే పొరబడుతున్నారని నా అభిప్రాయం. మన ముసలమ్మ అధికారిని 'నువ్వు' అంటే మర్యాద తెలియదంటారు. ఆయన చిరునవ్వుతో 'మీ వాళ్లు ఎప్పుడూ ఇంతే' అంటే అది మర్యాదే అయిపోతుంది. భూమి పోయిన మనిషి కోపాన్నీ, భూమి తీసుకున్నవాడి వెక్కిరింపునూ ఒకే త్రాసులో వేసి 'ఇద్దరూ మర్యాదగా మాట్లాడండి' అనే స్టేషన్ తన పని చేసినట్టు కాదు.

2012లో ఒక న్యాయ విద్యార్థిని, గర్భనిరోధక మందులకు ఆరోగ్య బీమా వర్తించాలని అమెరికా పార్లమెంటు సభ్యుల ముందు చెప్పింది. లింబా ఆమెను వరసగా కొన్ని రోజులు రేడియోలో దూషించాడు. ఆ మాటలు ఇక్కడ రాయలేను. ప్రకటనలిచ్చేవాళ్లు తప్పుకోవడం మొదలయ్యాక ఆయన క్షమాపణ చెప్పాడు. ఎక్కువ స్టేషన్లు కార్యక్రమాన్ని అలాగే నడిపించాయి. హవాయి దీవుల్లోని హైలో, మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్, ఈ రెండు చిన్న ఊళ్ల స్టేషన్లు మాత్రం ఆపేశాయి. తమకు అడ్డం ఆయన రాజకీయాలు కాదు, మనిషి మీద చేసిన దాడి అని హైలో వాళ్లు చెప్పారు. మంచి పనే. కానీ అప్పటికి ఇరవై ఏళ్లకు పైగా ఆ గొంతు అలాగే మాట్లాడుతూ ఉంది. అన్నేళ్లూ మాటలు పడ్డవాళ్లకు ప్రకటనలిచ్చే కంపెనీల అండ లేదు మరి.

మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం గానీ కమ్యూనిటీ రేడియో గానీ సొంత వార్తలు చెప్పడానికి అనుమతి లేదు. కాబట్టి అమెరికా తరహా రాజకీయ రేడియో ఇక్కడ పెరగలేదు. ఆ పని ఇప్పుడు సెల్‌ఫోన్లలో యూట్యూబ్ చానళ్లు చేస్తున్నాయి. వాటిని నడిపేది మన పిల్లలే.

వాళ్లకు నేను సీజీనెట్ స్వర గురించి చెబుతుంటాను. 2010లో ఛత్తీస్‌గఢ్ ఆదివాసుల కోసం మొదలైంది. చదువు రానివాళ్లు కూడా ఫోన్ చేసి గోండిలోనో హిందీలోనో తమ మాట రికార్డు చేయవచ్చు. దాన్ని వదిలే ముందు ఒక మనిషి విని, నిజమా కాదా అని విచారిస్తాడు. రేషన్ అందలేదనో, కూలి డబ్బు రాలేదనో చెప్పినవాళ్లు సంబంధిత అధికారి ఫోన్ నంబరు కూడా చదువుతారు. విన్నవాళ్లు ఆయనకు ఫోన్ చేసి అడగవచ్చు. మాట పడ్డ మనిషిని పంచాయితీకి పిలిచినట్టే ఇదీ.

నా దగ్గర చదివిన అబ్బాయి ఒకడు పోయిన ఎన్నికలప్పుడు ఫోనుతో చానల్ నడిపాడు. పక్క ఊరి సర్పంచిని చాలామంది తిట్టారు, బాగా చూశారు సార్ అని సంబరంగా చెప్పాడు. సర్పంచి మాట తీసుకున్నావా అని అడిగాను.

"ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు సార్. నేనే ఎత్తలేదు" అన్నాడు.